జారిన చెప్పు

మొన్న కొల్లేటి లంకలో ఒక ఆర్.సి.ఎం. కుటుంబాన్ని పరామర్శించడానికి వెళ్లాను. వాళ్ల కుర్రవాడు చేపల చెరువులో పడి చనిపోయాడు.

గోడమీద నిత్య సహాయ మాత పటం ఉంది. మనం పటాలు పెట్టుకోం గనుక నేనెన్నడూ దాన్ని సరిగా చూడలేదు. చెక్కమీద వేసిన అసలు పటం 1866 నుంచి రోములో అల్ఫోన్సుగారి గుడిలో ఉంది. వెనకంతా బంగారు రంగు, అది పరలోక మహిమకు గుర్తు. ఇద్దరు దూతలు సిలువ, మేకులు, బల్లెం తెచ్చారు. బాలయేసు వాటిని చూసి బెదిరి తల్లి చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. కాలి చెప్పు ఊడి వేలాడుతోంది.

"మరియమ్మ బిడ్డవైపు చూడదేంటండి అయ్యగారూ?" అని అడిగింది కుర్రవాడి తల్లి.

నిజమే, ఆమె చూపు మనవైపే ఉంది.

"ఆమె కూడా ఆపలేకపోయిందమ్మా," అన్నాను.

అప్పటిదాకా బిగబట్టుకున్న ఆ తల్లి ఏడ్చింది. సిద్ధపరచుకున్న వాక్యం చదవకుండా పక్కనే కూర్చున్నాను.