ఊరికే ఎలా వస్తాయి

యునిక్స్ ప్రపంచంలో ఫార్చ్యూన్ అని ఒక బుల్లి ప్రోగ్రామ్ ఉంది. టెర్మినల్‌లో దాని పేరు కొట్టి ఎంటర్ నొక్కితే ఒక కొటేషన్ చూపించి ఊరుకుంటుంది. మళ్లీ కొడితే ఇంకోటి. అంతకుమించి దానికేమీ రాదు. 1979 నాటి యునిక్స్ ఏడో వెర్షన్‌లోనే ఉంది, అంటే నాకంటే పెద్దది. తర్వాత బాగా వ్యాపించింది మాత్రం కెన్ ఆర్నాల్డ్ బర్క్‌లీ యునిక్స్ కోసం రాసిన రూపం. చాలామంది షెల్ మొదలయ్యే ఫైల్లో దీని పేరు ఒక లైనుగా చేరుస్తారు. టెర్మినల్ తెరిచినప్పుడల్లా పనికంటే ముందు ఒక మంచిమాట. ఇంకొందరు దాన్ని టోనీ మన్రో రాసిన కౌసేకి తగిలిస్తారు. అప్పుడా మాటని గీతలతో గీసిన ఆవు చెబుతుంది.

నాకిదేమీ విదేశీ వింతగా అనిపించలేదు. మాది ఐనవిల్లి. దక్షయజ్ఞానికి ముందు దక్షుడంతటివాడు వచ్చి వినాయకుడికి పూజ చేసుకున్నాడని చెప్పుకునే ఊరు. పరీక్షల ముందు స్వామి దగ్గర లక్ష పెన్నులు పెట్టి పిల్లలకి పంచుతారు. ఏ పనైనా మొదలుపెట్టే ముందు ఒక దండం, ఒక మాట ఉండాలన్నది మా దగ్గర చర్చించే విషయం కాదు. మన పాత కావ్యాలు ఇష్టదేవతాస్తుతి లేకుండా మొదలవుతాయా? స్కూల్లో బోర్డు పైమూల రోజూ ఒక సూక్తి రాసేవాళ్లం. కింద లెక్కలు చెరిగేవి, సూక్తి మాత్రం సాయంత్రం దాకా ఉండేది. ఇక ఫార్చ్యూన్ అనే పేరు అమెరికాలోని చైనా హోటళ్లలో ఇచ్చే బిస్కెట్ల నుంచి వచ్చింది గానీ, తీర్థంలో చిలక జోస్యం చూసినవాడికి ఆ బిస్కెట్ అక్కర్లేదు. బోనులోంచి చిలక వస్తుంది, కార్డు లాగుతుంది, వెళ్లిపోతుంది. ఫార్చ్యూన్ చేసేదీ అదే. గింజలు అడగదు, అంతే తేడా.

దీనికి తెలుగు ఫైలు తయారుచేయడం చాలా తేలిక. మామూలు టెక్స్ట్ ఫైల్లో ఒక్కో మాటా రాసి, మాటకీ మాటకీ మధ్య లైనులో % గుర్తు ఒకటే పెట్టాలి. తర్వాత స్టర్‌ఫైల్ అనే ఇంకో చిన్న ప్రోగ్రామ్ ఏ మాట ఎక్కడ మొదలవుతుందో ఒక పట్టిక రాసిపెడుతుంది. నేను ముందు వేమన పద్యాలు ఎక్కించాను. శతకం అసలు ఇందుకే పుట్టిందా అనిపిస్తుంది. ఏ పద్యానికాపద్యం విడిగా నిలుస్తుంది, ముందుదీ వెనకదీ తెలియక్కర్లేదు, చివర్లో మకుటం చెప్పినవాడి సంతకంలా ఉంటుంది. 1829లో సి.పి. బ్రౌన్ అచ్చు వేయించే దాకా ఈ పద్యాలు తాటాకుల్లోనూ జనం నోళ్లలోనూ, ఎవరికి తోచిన వరుసలో వాళ్ల దగ్గర ఉండేవి. యాదృచ్ఛికంగా తీసి చదివితే వేమనకి పోయేదేమీ లేదు.

చిక్కు ఇంకోచోట వచ్చింది. ఫార్చ్యూన్‌కి పొట్టి మాటలే చూపించు అని చెప్పే ఆప్షన్ ఒకటుంది. 160 అక్షరాల లోపుంటే పొట్టి. మాన్యువల్‌లో అక్షరాలనే ఉంటుంది, అది లెక్కపెట్టేది మాత్రం బైట్లు. ఇంగ్లీషుకి రెండూ ఒకటే. తెలుగులో గుణింతం, పొల్లు, అన్నీ ఒక్కోటీ మూడేసి బైట్లు. అమ్మ అన్న మాటకి పన్నెండు. అరవై నాలుగు మాత్రల కంద పద్యం కూడా ఈ లెక్కలో పొడుగు రచన. ఆటవెలది సంగతి చెప్పక్కర్లేదు. మన సాహిత్యంలో క్లుప్తతకి పేరు మోసిన రూపాలు రెండూ ఫెయిల్. సామెత మాత్రం పాసవుతుంది. (పైగా టెర్మినల్‌లో ప్రతి అక్షరానికీ ఒక గడి కేటాయించారు కాబట్టి చాలాచోట్ల వత్తులు పక్కింట్లోకి జారతాయి. నాలుగు టెర్మినల్స్ మార్చాను. ఇది వేరే ఏడుపు, ఇక్కడ వద్దు.)

సామెతలకైతే 1868లోనే కెప్టెన్ కార్ వేసిన పెద్ద సంకలనం ఉంది. అందులోంచి కాపీ చేసుకోవచ్చు. నాకు మా మామ్మవి కావాలనిపించింది. ఫోన్ చేశాను.

"మామ్మా, నీకొచ్చిన సామెతలు చెప్పు, రాసుకుంటాను."

"సామెతలా? ఎందుకురా?"

"కంప్యూటర్లో పెట్టుకుంటా."

"ఊరికే చెప్పమంటే ఎలా వస్తాయిరా నాన్నా? ఏదోటి జరగాలి కదా."

ఒక్కటీ రాలేదు. మాటకి ముందు ఒకటి, వెనక ఒకటి సామెత వాడే మనిషికి, అడిగితే ఒక్కటీ తట్టలేదు. తర్వాత ఆవిడ ఆ సంగతి మర్చిపోయి, ఆఫీసులో ఎలా ఉందని అడిగింది. మా లీడ్ సెలవులో ఉన్నాడు, ఆయనొచ్చేదాకా రిలీజ్ ఆపుదామనుకుంటున్నారు అన్నాను. "అయ్య వచ్చేదాకా అమావాస్య ఆగుద్దేంట్రా?" అంది వెంటనే. ఫైల్లో మొదటిది అదే. 104 బైట్లు, లైను చివరి గుర్తుతో కలిపి.

సూక్తికీ సామెతకీ తేడా నాకు పుస్తకాల్లో కంటే ఇక్కడ స్పష్టంగా తెలిసింది. సూక్తి ఎవరికైనా, ఎప్పుడైనా చెప్పొచ్చు. అందుకే వాట్సాప్‌లో పొద్దున్నే సూర్యుడి బొమ్మ మీద కలాంగారి పేరుతో ఏదైనా చెల్లిపోతుంది. సామెత ఒకరు ఒకరితో ఒక సందర్భంలో అనేది. అందులో చాలాసార్లు కొంచెం ఎత్తిపొడుపు ఉంటుంది, కొంచెం చనువూ ఉంటుంది. ఆ ఇద్దరిని తీసేసి మాటొక్కటే రాసుకుంటే మిగిలేది అకారాది క్రమం. కార్ దొర పుస్తకం మీద నాకు గౌరవం ఉంది, పక్కన పెట్టుకుని వాడతాను కూడా. కానీ అందులో ఎవరూ ఎవరినీ తిట్టరు.

అలా రెండేళ్లు, ఫోన్‌లో మాట్లాడుతూ పక్కన రాసుకుంటూ పోతే ముప్పై ఒకటి పోగయ్యాయి. వేమనవీ సుమతివీ కలిపి తొమ్మిది వందలు. ఫార్చ్యూన్ మామూలుగా ఏ ఫైల్లో ఎక్కువ మాటలుంటే దానికి ఎక్కువ వంతు ఇస్తుంది. అంటే ముప్పై సార్లు టెర్మినల్ తెరిస్తే ఒక్కసారి మామ్మ. అన్ని ఫైళ్లనీ సమానంగా చూడమనే ఆప్షన్ ఉంది, ఏ ఫైలుకి ఎంత శాతమో మనమే చెప్పే వీలూ ఉంది. నేను మామ్మకి యాభై ఇచ్చాను. ఇది విమర్శ దృష్టితో సమర్థించదగిన నిర్ణయం కాదు. వేమనకీ సుమతీ శతకకారుడికీ కలిపి సగం, మా మామ్మకి సగం అని ఎవరైనా సాహిత్య చరిత్ర రాస్తే నేనే ఉతికి ఆరేస్తాను.

యాభై శాతం ఇచ్చాక ఇంకో సమస్య. ఒకరోజు పొద్దున్న సర్వర్ పడిపోయి, అందరూ కాల్‌లో ఉండగా టెర్మినల్ తెరిస్తే "ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టను తావు లేదు" అని వచ్చింది. సర్వర్‌కీ దానికీ సంబంధం లేదు. అది ఆవిడ నేను మొదటిసారి హైదరాబాద్‌ వచ్చినప్పటి కథ మళ్లీ చెబుతూ అన్నది. సిటీలో మనవాళ్లు పదిమంది ఉన్నా నేను వారం రోజులు ఫ్రెండు హాస్టల్లో దొంగతనంగా పడుకున్నాను. ఆ సంగతి మా నాన్నకి ఇప్పటికీ తెలీదు, ఆవిడకి మాత్రం అప్పుడే చెప్పాను. అటు మేనేజర్ ఏదో అడుగుతున్నాడు, నేనిటు ఆ వారం గురించి ఆలోచిస్తున్నాను. చిలక ఎవరి కార్డో తీసి నా చేతిలో పెట్టినట్టుంది, తీరా చూస్తే నాదే.

ఏడాదిగా మామ్మకి వినపడటం బాగా తగ్గింది. చెవి మిషన్ పెట్టుకోదు, గోల అంటుంది. ఫోన్‌లో ఇప్పుడు "తిన్నావా, ఆ, తిన్నాను, ఉంటానమ్మా" వరకే. సామెతకి ముందు సంగతి వినపడాలి కదా. నేను చెప్పేది ఆవిడ దాకా వెళ్లదు, కాబట్టి తిరిగి ఏమీ రాదు. ముప్పై రెండోది ఎనిమిది నెలలుగా లేదు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు పక్కన కూర్చుని చూశాను. ఎదురుగా జరిగేవాటి మీద ఇంకా అంటూనే ఉంది. కొబ్బరికాయల లెక్క మీద, మా అత్త వంట మీద, నా జుట్టు మీద. కంటికి కనపడితే చాలు. ఫోన్‌లో వీడియో పెడదామంటే నా మొహం ఒక్కటే కనపడుతుంది, దాని మీద అనాల్సినవన్నీ ఆవిడ ఎప్పుడో అనేసింది.

అందుకని ఫైలుని పెంచే పని మానేసి, ఉన్న ముప్పై ఒకటికీ కింద ఇంకో లైను రాయడం మొదలుపెట్టాను. ఎవరితో, ఎప్పుడు, ఏం జరిగితే అంది. దాంతో చాలావరకు 160 దాటిపోయాయి, పొట్టి మాటల ఆప్షన్ తీసేయాల్సి వచ్చింది. కొన్నిటి కింద రెండు లైన్లు పట్టాయి. ఒకదాని కింద ఎంత ఆలోచించినా గుర్తురాక, తారీఖు మాత్రం వేశాను. చివరగా చేర్చినదాంట్లో సామెతే లేదు:

ముక్తేశ్వరం రేవు. మేం చూస్తుండగానే పంటు కోటిపల్లి వైపు వెళ్లిపోయింది. తాతయ్య కండువాతో మొహం తుడుచుకున్నారు. మామ్మ ఏదో అనబోయి, ఆయన వైపు చూసి, సంచిలోంచి జంతికలు తీసింది.