నాలుగు అక్షరాల పేరు

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరమే నా కాగితాలు పరిశీలన నుండి తిరిగివచ్చినవి. పదవ తరగతి సర్టిఫికెట్టులో మా నాన్నగారి పేరు ‘మహమ్మద్’ అని మొదలవుతుంది. నివాస ఋజువుగా ఇచ్చిన భూమి పాసుపుస్తకంలో ‘మొహమ్మద్’ అని వున్నది. ఇద్దరూ ఒక్కరేనని నిరూపించమన్నారు. మొయినాబాద్ నుండి నాన్నగారిని వెంటబెట్టుకొని చేవెళ్ళ వెళ్ళి, నోటరీ ఎదుట ప్రమాణపత్రం వ్రాయించాను. సంతకం చేయబోతూ ఆయన కలం ఆపి, “నేను నేనేనని ఒట్టు పెట్టాలా, బేటా?” అన్నారు. ఆనాడు నేను జవాబు చెప్పలేకపోయాను.

ఉర్దూలో ఆ పేరుకు నాలుగే అక్షరాలు: మీమ్, హే, మీమ్, దాల్. హ్రస్వ స్వరాలను ఉర్దూలో సాధారణంగా వ్రాయరు, చదివేవారే పూరించుకుంటారు. తెలుగు లిపిలో అట్లా కుదరదు. ప్రతి అక్షరానికీ గుణింతం నిర్ణయించాలి. ఒక గుమాస్తా ‘మ’ అని, మరొకరు ‘మొ’ అని, ఇంకొకరు ‘ము’ అని వ్రాసుకున్నారు. ఇంగ్లీషు దరఖాస్తులో అదే పేరు ‘ఎం.డి.’గా కుదించుకుపోయింది.

ఈ చిక్కు ఒకవైపుదే కాదు. ఉర్దూ లిపిలో ‘ళ’కు అక్షరం లేదు గనుక మన చేవెళ్ళ అక్కడ వేరొక అక్షరాన్ని అరువు తెచ్చుకోవలసిందే. కాని ఊరిని ఎవరూ ప్రమాణపత్రం అడగరు.

నిజాం కాలంలో ఇక్కడి రెవెన్యూ రికార్డులు ఉర్దూలో నడిచేవి. 1966 చట్టంతో తెలుగు అధికార భాష అయింది. ఆ పిమ్మట కంప్యూటరు, ఆధార్ వచ్చినవి. తాత పేరు ఉర్దూలో, తండ్రి పేరు తెలుగులో, కొడుకు పేరు ఇంగ్లీషులో నమోదైన ఇళ్ళు మనలో ఎన్నో! పైగా తెలుగువారి ఇంటిపేరు గడిలో మన ‘షేక్’, ‘సయ్యద్’లను చేర్చారు. తల్లుల పేర్ల చివర ఒకచోట ‘బీ’, మరొకచోట ‘బేగం’ నిలిచింది.

పరిశీలించే అధికారిది తప్పని నేననను. ఒకరి సర్టిఫికెట్టుతో మరొకరు ఉద్యోగం పొందకుండా చూడడం ఆయన విధి. అయితే అక్షరభేదం వేరు, మోసం వేరు. ఆ విచక్షణ కూడా ఆయన విధిలో భాగమే.

విద్యార్థులారా! మీ కాగితాలన్నీ ఒకచోట పరచి చూడండి. తేడా వుంటే దరఖాస్తుకు ముందే, పదవ తరగతి సర్టిఫికెట్టును బట్టి మిగిలినవి సరిచేయించుకోండి. ఇంట్లో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు వుంటే, బడిలో వారి నామినల్ రోల్ అక్షరం అక్షరం చదవండి. నాన్నగారు ఆనాడు ఉర్దూలోనే సంతకం చేశారు. మీ తండ్రికి మాత్రం, వృద్ధాప్యంలో తాను తానేనని ఒట్టు పెట్టే అవసరం రాకూడదు.