టాంకుబండు మీద ఒక సాయంకాలం

మొన్న మా మేనమామగారు రాజమండ్రి నుంచి వచ్చారు. హైదరాబాదు వచ్చిన చుట్టాన్ని టాంకుబండుకు తీసుకుపోకపోతే మర్యాద కాదు. కాఫీ కాగానే బయలుదేరాం.

సికిందరాబాదు వైపు నడుస్తుంటే ఎడమ ప్రక్కన హుసేన్ సాగర్. నీళ్ళ నడుమ బుద్ధుడు. 1990లో పడవ ఒరిగి, మనుషుల ప్రాణాలతో సహా నీట మునిగి, 1992లో మళ్ళీ పైకి వచ్చిన విగ్రహమది. గాలి హాయిగా ఉంది. అది ఇటు మళ్ళినప్పుడు మాత్రం రుమాలు ముక్కు దగ్గరికి పోతుంది. ఊరి మురుగును చెరువులోకి వదిలిన ఘనత మనదేగా!

"మనం రోడ్డంటున్నాం గాని, ఇది చెరువు కట్ట, మామయ్యా!" అన్నాను. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో హుసేన్ షా వలీ కట్టించాడు. హైదరాబాదు పుట్టింది 1591లో. ఊరికంటే కట్టే పెద్దదన్నమాట! ఆ ఇబ్రహీమే మన కవుల నోట మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి 'తపతీసంవరణోపాఖ్యానము' అంకితమిచ్చింది ఈయనకే.

గట్టు పొడుగునా తెలుగు ప్రముఖుల విగ్రహాలు. ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా 1986లో పెట్టించారు. నన్నయగారి ముందు మామయ్య చెప్పులు విడిచి నమస్కరించారు. రాజమండ్రి వారికి ఆయన ఇంటిమనిషి కదా! తరువాత మెల్లిగా అడిగారు: "ఇదేనా అప్పుడు పడగొట్టింది?"

అప్పుడంటే 2011 మార్చి 10. ప్రత్యేక తెలంగాణ కోసం 'మిలియన్ మార్చ్' జరిగిన రోజు. ఎన్నో విగ్రహాలు విరిగాయి. కొన్ని నీళ్ళ పాలయ్యాయి. ఇప్పుడున్నవి తిరిగి నిలిపినవి.

ఆ తరువాత తరగతిలో నేను నన్నయను చెబుతుంటే ఒక కుర్రవాడు లేచి, "సార్, మా వాళ్ళకు ఆ గట్టు మీద ఎంత చోటిచ్చారో ఎప్పుడైనా చూశారా?" అన్నాడు. చూడలేదు. ఎన్నిసార్లు షికారు వచ్చానో! ఆ ఆదివారం ఒక్కణ్ణే వచ్చి, ఈ చివర నుంచి ఆ చివర దాకా పేర్లు చదువుకుంటూ నడిచాను. వాడన్నది వట్టి మాట కాదు. మొండిదిమ్మె చూసి నా కళ్ళు చెమర్చినదీ అబద్ధం కాదు. ఆ రెంటిలో దేన్నీ వదులుకోలేక ఇంటికి వెళ్ళాను.

మామయ్య అంతా విని, "మరి ఆ కుర్రాడి వాళ్ళెవరున్నారో చూపించు" అన్నారు.

సురవరం ప్రతాపరెడ్డిగారి దగ్గరికి తీసుకువెళ్ళాను. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, 1934లో 354 మందితో 'గోలకొండ కవుల సంచిక' వేసి చూపించినాయన.

"మూడువందల యాభైనలుగురే!" అని మామయ్య అక్కడా చెప్పులు విడిచారు. నేను వేరుసెనగకాయల వాణ్ణి పిలిచాను.