ఛాంబర్లో నాలుగు లీటర్లు

14 జనవరి 2024, విజయవాడ పటమట

సంక్రాంతికి ఇంటికి సున్నం, అంబాసిడర్‌కి ఆయిలు. నాన్నగారి కాలం నుంచీ ఇదే వరస. సున్నం పోయి రంగులొచ్చాయి గానీ ఆయిలు ఆచారం అలాగే ఉంది. బండి 1978 నాటి మార్క్ త్రీ.

భోగి మంట దగ్గర్నుంచి లేచి బెంజి సర్కిల్ దాకా తిప్పుకొచ్చాను. ఆయిలు వేడెక్కితే గాని పల్చబడదు, పల్చబడితే గాని అడుగున పేరుకున్న మడ్డి దిగదు. బేసిన్ పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పితే నాలుగు లీటర్ల దాకా నల్లగా జారింది. మా ఆవిడ చూసి "ఇంత పాడయ్యేదాకా ఉంచారా?" అంది. నలుపుకి భయపడక్కర్లేదు. మసిని పట్టి తనలో ఉంచుకోడానికే దాంట్లో డిటర్జెంటు కలుపుతారు. మూడు వేల కిలోమీటర్లు తిరిగాక కూడా తేనెరంగులో ఉందంటే ఆ ఆయిల్నే అనుమానించాలి. రెండు వేళ్ల మధ్య రాసి ఎండలో చూశాను. మెరుపు లేదు. మెరిసిందంటే బేరింగులు అరిగి దిగుతున్నట్టే.

వెనక మెయిన్ బేరింగ్ దగ్గర మళ్లీ చెమ్మ. ఈ 1489 సీసీ ఇంజను ఇంగ్లండులోని బీఎంసీ కంపెనీది. క్రాంకు వెనకవైపు రబ్బరు సీలు పెట్టకుండా షాఫ్టు మీద ఎదురు మర గాడి కోశారు. తిరుగుతున్నంతసేపూ ఆ గాడి ఆయిల్ని ఛాంబర్లోకే నెడుతుంది. బండి ఆగిందా, చుక్క బయటికి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "లీకవుతోందండీ" అని హెచ్చరిస్తారు. అట్టముక్క పరిచి వాళ్లని లోపల కూర్చోబెడతాను.

కింగ్ పిన్నుల నిపుళ్లకి గ్రీజు కొట్టడం మిగిలింది. రేపు.

4 ఫిబ్రవరి

మేనల్లుడు గుంటూరు రోడ్డులో టీ కొట్టు దగ్గరికి లాక్కెళ్లాడు. ఆదివారం పొద్దున కార్ల పిచ్చోళ్లంతా అక్కడ చేరతారు. రెండు కాంటెస్సాలు, ఓ పద్మిని, మిగతావన్నీ కొత్త టర్బో పెట్రోళ్లు. బానెట్లన్నీ లేచి ఉన్నాయి. ఏ కంపెనీ ఆయిలు గొప్పదన్న వాదన సినిమా హీరోల అభిమానుల గొడవకి ఏమీ తీసిపోదు. ఎన్నాళ్లయింది మార్చి అని అడిగితే మాత్రం సగం మంది ఆకాశం కేసి చూశారు.

పద్మిని కుర్రాడు ముచ్చటపడి ఖరీదైన 5డబ్ల్యూ30 ఫుల్ సింథటిక్ పోశాడు. పోసిన వారానికే గాస్కెట్లన్నీ చెమర్చాయి. చెమ్మ ఒక్కటే కాదు బెడద. పాత ఇంజన్లలో క్యామ్, ట్యాపెట్ నేరుగా ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఆ రాపిడి దగ్గర లోహం బదులు తాను అరిగేలా ఆయిల్లో జింకు, ఫాస్ఫరస్ కలిసిన మందు వేస్తారు. ఈ ఫాస్ఫరస్ కొత్త కార్ల క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. అందుకని 2004లో వచ్చిన ఏపీఐ ఎస్ఎం ప్రమాణంలో పల్చటి గ్రేడులకి దాన్ని 0.08 శాతానికి కట్టడి చేశారు. చిక్కటి 20డబ్ల్యూ50కి ఆ కట్టడి లేదు. మన బండ్లకి కన్వర్టరే లేదాయె. మామూలు మినరల్ 20డబ్ల్యూ50 చాలయ్యా అన్నాను. "ఇంత రేటు పెట్టాడంటే మంచిదే అయ్యుండాలి కదండీ" అన్నాడు. దానికి జవాబేముంది!

తిరిగొచ్చేటప్పుడు మేనల్లుడు తన టర్బో బండిని నూట నలభైలో తోలి, ఇంటి ముందు ఆపీ ఆపగానే ఇంజను కట్టేశాడు. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగేది ఆయిలు పొర మీదే. అది కాగి ఉన్నప్పుడు ప్రవాహం ఆపేస్తే లోపలి ఆయిలు మాడి బొగ్గవుతుంది. అదే చెప్పాను.

"ఇప్పుడొచ్చేవాటికి వాటర్ కూలింగ్ ఉంటుంది మావయ్యా."

"ఉంటే ఉందిరా, అర నిమిషం ఆగితే నీ సొమ్మేం పోయింది?"

ఇంజను పవరు పెంచే రీమ్యాప్ చేయించడానికి నలభై వేలు దాస్తున్నాడట. ఆయిలు సంగతి అడిగితే "సర్వీసులో వాళ్లే చూస్తార్లే" అన్నాడు. చప్పుడుకీ మెరుపుకీ డబ్బులుంటాయి వీళ్ల దగ్గర.

10 మార్చి, హైదరాబాద్

చౌమహల్లా ప్యాలెస్. పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం చేయించిన బండి. ఆయన 1911లో పోయారు. ఊరేగింపులకి తప్ప బయటికి తీయకపోవడంతో కొన్ని వందల మైళ్లే తిరిగిందంటారు. పక్కనున్నాయన "ఇంజను కొత్తగానే ఉండి ఉంటుంది" అన్నాడు. నాకా నమ్మకం లేదు.

రాత్రి రైల్లో బ్యూచాంప్ టవర్ ప్రయోగం మళ్లీ చదివాను. 1883, ఇంగ్లండు. రైలు ఇరుసుల రాపిడి కొలవమని మెకానికల్ ఇంజినీర్ల సంస్థ పని అప్పగించింది. తిరిగే ఇరుసు కింది భాగం నూనెలో మునిగి ఉంది, పైన బేరింగు. ఆ బేరింగుకి నూనె పోయడానికని కన్నం పెడితే నూనె కన్నంలోంచి పైకి ఉబికింది. బిరడా బిగించాడు, తన్నుకొచ్చింది. చెక్క ముక్క కొట్టాడు, అదీ పైకి లేచింది. చివరికి ప్రెషర్ గేజి తగిలిస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటి పోయింది. మీద పెట్టిన బరువు సగటున 100 పౌండ్లే! పంపు లేదు, ఏమీ లేదు. తిరిగే ఇరుసే నూనెని సందులోకి ఈడ్చి, ఆ ఒత్తిడి మీద తానే పైకి తేలుతోంది. ఎందుకలా అన్నది 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ లెక్క కట్టాడు.

మన ఇంజన్లో క్రాంకు తేలేదీ అలాగే. పంపు పని ఆయిల్ని అక్కడిదాకా చేర్చడం వరకే. ఇరుసు ఆగితే తేలడం లేదు, లోహం లోహం మీద కూర్చుంటుంది. తాళం తిప్పాక మళ్లీ పొర లేచేదాకా ఉన్న ఆ కాసేపట్లోనే అరుగుదల ఎక్కువ. నెలల తరబడి ఆపేస్తే గోడల మీది పొర కూడా జారిపోయి, చెమ్మకి సిలిండర్లో తుప్పు పూస్తుంది. దుప్పటి కప్పి షెడ్లో దాచిన కారు దాచినట్టు కాదని నాన్నగారు వారానికోసారి బందరు రోడ్డు మీద పది కిలోమీటర్లు తిప్పేవారు. ఆయనకి టవరూ తెలియదు, రేనాల్డ్సూ తెలియదు.

12 మే

రేపు పోలింగు. నిన్న సాయంత్రంతో మైకులు ఆగాయి. నెల రోజులుగా మా వీధి చివర పార్టీల తెల్ల బండ్లు పొద్దస్తమానం ఏసీ వేసుకుని స్టార్టింగులోనే ఉన్నాయి. మీటరు మీద కిలోమీటర్లు పెరగవు, ఆయిలు వయసు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఎన్నికల తరవాత ఆ డ్రైవర్లు ఓడోమీటరు చూసి "ఇంకా టైముంది" అంటారు.

ఎండ మండిపోతోంది. ఈ వేడికి ఏ నూనైనా పల్చబడాల్సిందే, ఎంత పల్చబడుతుందన్నదే తేడా. షోలవరం గుర్తొచ్చింది. మద్రాసులో చదివే రోజుల్లో ఆ పాత విమానాల రన్‌వే మీద పందేలకి వెళ్లేవాళ్లం. కొన్ని బండ్ల పొగలో ఆముదం కమ్మగా కాలిన వాసన. వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో ఆముదం కలిపిన ఆయిల్నే కాస్ట్రాల్ పేరుతో అమ్మింది. ఆముదం లోహాన్ని పట్టుకుంటే అంత తేలిగ్గా వదలదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంజనంతా ప్రొపెల్లరుతో కలిసి గిరగిర తిరిగే విమానాలకి అదే వాడారు. వాడిన నూనె పొగతోపాటు పైలట్ మొహాన పడేది. పాపం వాళ్ల కడుపుల సంగతి మా అమ్మమ్మ చేతి ఆముదం తాగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ ఊళ్లో బండి ఇరుసుకి పెట్టే కందెనా ఆముదమే, వరిగడ్డి మసి కలిపి.

రోజువారీ కారుకి మాత్రం పనికిరాదు. కాగితే బంకలా గోడలకి అతుక్కుంటుంది. పందెం ఇంజన్లని ప్రతిసారీ విప్పి కడుగుతారు గనక చెల్లింది.

8 సెప్టెంబర్

చవితి నిన్న వచ్చి వెళ్లింది, ఎవరికీ పండగలా లేదు. బుడమేరు వాగు పొంగి ఒకటో తేదీ సింగ్‌నగర్ మీద పడ్డ దగ్గర్నుంచీ ఊరు ఊరులా లేదు. పాయకాపురంలో వియ్యంకుడి ఇల్లు కింది అంతస్తు మునిగింది. మనుషులు మేడ మీద క్షేమం. కారు డాష్‌బోర్డు దాకా నీళ్లు.

పొద్దున ఫోను. "నీళ్లు తీశాయి బావగారూ, ఒకసారి సెల్ఫ్ కొట్టి చూడనా?"

"ముట్టుకోకండి. బ్యాటరీ వైరు తీసేసి అలా వదిలేయండి" అన్నాను. అరిచానేమో కూడా.

సిలిండర్లో నీళ్లుంటే పిస్టను పైకొచ్చినప్పుడు అవి నలగవు. నలిగేది కనెక్టింగ్ రాడ్డు.

15 సెప్టెంబర్

ఆటోనగర్ రోడ్లకి రెండువైపులా బురద కార్లే. వియ్యంకుడి కారుకి క్రేన్ దొరకడానికే ఇన్ని రోజులు పట్టింది. మేస్త్రీ ముందు గేజి లాగి చూపించాడు. ఫుల్ గీతకి బెత్తెడు పైన ఉంది మట్టం. పోసిన ఆయిలు పెరగదు కదా, పెరిగిందంతా నీళ్లు. నూనె కంటే నీళ్లు బరువు గనక ఛాంబర్ అడుక్కి చేరతాయి, పంపు జల్లెడ ఉండేదీ ఆ అడుగునే. తాళం తిప్పితే బేరింగులకి మొదట అందేది బుడమేరు.

డ్రెయిన్ బోల్టు విప్పాడు. ముందు మట్టినీళ్లు, ఎంతోసేపు. ఆ తరవాత నల్లటి ఆయిలు, విడిగా, దాదాపు చెక్కుచెదరకుండా. చిలకలేదన్నమాట. ప్లగ్గులు తీసి క్రాంకు పుల్లీకి పానా వేసి చేత్తో తిప్పితే రెండు కన్నాల్లోంచి నీళ్లు చిమ్మాయి. చవక ఆయిలు పోసి, కాసేపు తిప్పి, దింపి, మళ్లీ పోశాడు. నీళ్లు కలిసిన తెలుపు మూడోసారికి పోయింది.

పక్క షెడ్లో అదే మోడలు. యజమాని ఆగలేక స్టార్ట్ చేశాడట. ఛాంబర్ దించితే పాలు ఎక్కువైన కాఫీ రంగు, రాడ్డు వంగింది. స్టార్ట్ చేశాక జరిగిన నష్టం మామూలు పాలసీలో రాదని సర్వేయరు చెప్పి వెళ్లాడు. యజమాని బల్ల మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేదు. ఇల్లు మునిగి వారం రోజులు నీళ్లలో ఉన్న మనిషి, కారైనా కదులుతుందా అని తాళం తిప్పి చూసుకున్నాడు. తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

6 అక్టోబర్

కాలిన ఆయిలు డబ్బాలో పట్టి మేస్త్రీ డ్రమ్ములో పోసొచ్చాను. కాలవలో పారబోసేవాళ్లు ఇంకా ఉన్నారు. 2016 నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం.

ఇంటికొచ్చేసరికి పాతసామాన్లతను గుమ్మంలో. ఖాళీ ఆయిలు డబ్బాలు చూసి మొహం వెలిగింది.

"ఇలాగే ఇచ్చేయండి బాబుగారూ, ఒక్కోదానికి పది రూపాయలిస్తా. చిల్లు పడితే కిలో లెక్కే."

"ఎందుకయ్యా అంత తేడా?"

"మూత, లేబులు బాగుంటే తీసుకునేవాళ్లు వేరే ఉన్నారండి."

వడకట్టిన కాలిన నూనె కొత్త డబ్బాలో ఎలా దిగుతుందో ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు. అన్నిటికీ మేకు దింపి కిలో లెక్కకే ఇచ్చాను. మేనల్లుడికి ఫోన్ చేసి, పోయిన సర్వీసులో ఆయిలు డబ్బా నీ ఎదటే సీలు తీశారా అని అడిగాను. లాంజ్‌లో కూర్చున్నాను మావయ్యా, కాఫీ ఇచ్చారు అన్నాడు.