లక్నవరంలో రాత్రి ఉండాలి

లక్నవరం చెరువుకు పొద్దున వచ్చి, వేలాడే వంతెన మీద ఫొటోలు దిగి, పడవలో ఓ చుట్టు చుట్టి, చీకటి పడేలోపు హనుమకొండ చేరుకునేవాళ్ళే ఎక్కువ. అంత దూరం వెళ్ళాక అక్కడ రాత్రి ఉండకుండా తిరిగి రావడం నాకు మాత్రం ప్రాణం ఒప్పదు. పగటిపూట వంతెన మీద జనం, పడవల మోత. వాళ్ళంతా వెళ్ళిపోయాక, ములుగు అడవి మధ్య ఏడెనిమిది వందల ఏళ్ళుగా నీళ్ళు పట్టి ఉంచిన ఆ చెరువు కనబడటం మొదలుపెడుతుంది.

హైదరాబాద్ నుంచి సుమారు 220 కిలోమీటర్లు. వరంగల్ దాటి ములుగు వైపు పోయే దారి కార్తీకంలో మరీ బాగుంటుంది. వానాకాలం కోతలు అయిపోయి, హైవే వదిలి ఊళ్ళలోకి మళ్ళితే చాలు, సగం రోడ్డు నిండా వడ్లే. అంచున బండరాళ్ళు పేర్చి, రాత్రికి కప్పడానికి పరదాలు మడిచి పక్కన పెట్టుకుని ఉంటారు. మేం వెళ్ళిన రోజు ఒకామె చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, పాదాలను వడ్లలో ఈడుస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. ఆమె నడిచిన మేరా చాళ్ళు పడి, అడుగున తడిగా ఉన్న గింజ పైకి వచ్చింది. మళ్ళీ వెనక్కి తిరిగి, ఆ చాలు పక్కనే ఇంకో చాలు. కారు ఆపి ఆమె అవతలి అంచుకు చేరేదాకా ఆగాం. హారన్ కొట్టాల్సిన చోటు కాదది.

దారిలో పాలంపేట. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రద్దీ బాగా పెరిగింది. పెరగాల్సిందే. అయితే గుడి చూసి అట్నుంచి అటే వెనక్కి మళ్ళేవాళ్ళకు ఒక్క మనవి: కొంచెం ముందుకు పోయి రామప్ప చెరువు కట్ట కూడా ఎక్కండి. కాకతీయుల కాలంలో గుడి కట్టిన చోట చెరువు కూడా తవ్వించారు. రామప్ప, లక్నవరం, పాకాల, గణపురం చెరువులు నేటికీ పొలాలకు నీళ్ళిస్తున్నాయి. గుడిలోని మదనికల నడుము వంపును చూసి మురిసిపోయే మనం, అదే కాలపు మనుషులు వేసిన కట్ట వంపును కూడా అంత శ్రద్ధగా చూడాలి.

లక్నవరంలో ఆ తెలివి కళ్ళకు కడుతుంది. చుట్టూ కొండలు, వాటి మధ్య మూడు ఇరుకు లోయలు. ఆ మూడు సందులకూ మూడు చిన్న కట్టలు వేసి ఊరుకున్నారు, మిగతాదంతా కొండలే అడ్డం నిలిచాయి. మైళ్ళ పొడవున మట్టి మోయకుండా అంత నీటిని నిలబెట్టారు. నీళ్ళు నిండాక మునగకుండా మిగిలిన గుట్టల కొనలే ఇవాళ మనం పడవెక్కి వెళ్ళే దీవులు. వంతెన నిన్న మొన్నటిది. దీవులు మాత్రం 13వ శతాబ్దంలో ఎవరో సాగునీటి కోసం వేసిన లెక్క వల్ల ఏర్పడినవి. వరి పండించడానికి చేసిన పని ఇంత అందంగా మిగిలిందంటే నాకు ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఒడ్డున డేరాలు అద్దెకు దొరుకుతాయి. సొంత డేరా తెచ్చుకున్నవాళ్ళు అక్కడి సిబ్బందిని అడిగి, చూపించిన చోటే వేసుకోవాలి. చుట్టూ అడవి, ఎక్కడపడితే అక్కడ దిగే వీలు లేదు, దిగకూడదు కూడా. ఎండాకు పేరుకున్న చోట మంట అసలే పెట్టకూడదు. ఇక చోటు ఎంచుకోవడం. నీటి అంచునే వేయాలని అందరికీ మనసవుతుంది గానీ రాత్రి చల్లగాలి వాలు వెంట జారి పల్లంలోనే చేరుతుంది. కాస్త ఎగువన వేసుకుంటే నిద్ర పడుతుంది. తెల్లవారేసరికి డేరా లోపలి గుడ్డంతా చెమ్మ. బయటి మంచు కారిందనుకుంటాం గానీ అందులో మన ఊపిరి కూడా ఉంది. జిప్పు అటూ ఇటూ బెత్తెడు తెరిచి పెడితే చాలా తగ్గుతుంది.

పక్క డేరాల కుర్రాళ్ళు కాసేపు పాటలు పెట్టుకున్నారు. అలసిపోయి కట్టేశాక ఒక్కొక్క చప్పుడే తేలింది. అవతలి దరిన తీతువు అరుపు, దిగువన నీళ్ళలో ఏదో చేప ఎగిరిపడ్డ చప్పుడు, ఎక్కడో దూరంగా కుక్క. తూర్పున కొండ మీద పిల్లలకోడి చుక్కలు, వాటి కింద అప్పుడే లేస్తున్న గొల్లకావడి. మా మేనకోడలు హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్ల, "మామయ్యా, ఇన్ని చుక్కలు ఎప్పుడూ ఇక్కడే ఉంటాయా?" అని అడిగింది. ఊళ్ళో డాబా మీద పడుకుని మా నాయనమ్మ నాకు చూపించిన చుక్కలను నేను దానికి చూపించాను. ఇలాంటి రాత్రి ఒక్కటైనా ప్రతి పిల్లకూ, పిల్లాడికీ దక్కాలి.

పొద్దున నీటి మీద పొగ లేచింది. నేల త్వరగా చల్లబడుతుంది, నీళ్ళు పగటి వేడిని అంత తొందరగా వదలవు. వెచ్చటి నీటి నుంచి లేచిన ఆవిరి చల్లటి గాలి తగలగానే పొగమంచై నిలుస్తుంది. ఆ పొగలోంచి ముందు ఒక మనిషి నడుము పైభాగం కనబడింది, తరవాత తెప్ప, తరవాత వల. అతని వెనకే మునిగి లేస్తూ నీటికాకులు.

కట్ట మీద తూము వైపు నడుస్తుంటే భుజాన తువ్వాలుతో ఒక పెద్దాయన ఎదురయ్యాడు.

"ఏడికెళ్ళి అచ్చిండ్రు బిడ్డా?"

"హైదరాబాద్ నుంచి కాకా."

"మత్తడి వడ్డప్పుడు రావాలె. గా సప్పుడు ఊర్లకు ఇనవడ్తది."

మత్తడి పడిందంటే, అంటే చెరువు నిండి అలుగు పారిందంటే, ఊరికి పండగే. కానీ ఈ జిల్లాకు వాన భయం కూడా బాగా తెలుసు. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. తెలంగాణలో అంతకుముందు ఎన్నడూ నమోదు కాని వాన అది. జంపన్న వాగు పొంగి కొండాయి ఊరు మునిగింది, ప్రాణాలు పోయాయి. అందుకే వానాకాలం నడుమ ఈ వైపు వాగుల ఒడ్డున బస చేద్దామని ఎవరన్నా నేను వద్దనే చెబుతాను. కార్తీకం నుంచి మాఘం దాకా రండి.

కాకాకు మాత్రం ఆ పూట వాన గురించి బెంగ లేదు. ఆయన మనసంతా తైబందీ మీద ఉంది. యాసంగికి చెరువులో ఉన్న నీళ్ళు ఎంత మేరకు పారతాయో చూసి, ఏ కాలువ కింద ఎన్ని ఎకరాలు వేయాలో రైతులూ నీటిపారుదల అధికారులూ కూర్చుని తీర్మానం చేసుకోవడమే తైబందీ. ఒక ఏడు ఒక కాలువకు, మరో ఏడు ఇంకో కాలువకు. కాకా పొలం చివరి ఆయకట్టులో ఉంది. పోయిన యాసంగికి రాలేదు, ఈసారి రావాలి. మేం రాత్రంతా చూసి మురిసిన నీళ్ళను ఆయన ఎకరాల్లో కొలుస్తున్నాడు.

"మార్చిల ఇవి సగం గూడ ఉండయ్. అప్పుడు రండ్రి బిడ్డా, మా దిక్కు పొలం జూద్దురు," అన్నాడు.

మార్చిలో వెళ్తున్నాం. తూము దగ్గర బయలుదేరి కాలువ గట్టు వెంట కాకా పొలం దాకా నడవాలని మా మేనకోడలు అప్పుడే ఫోన్‌లో దారి గీసుకుంటోంది.