చూపించని జింక కోసం

జూపార్కుకు వచ్చినవాళ్లు ముందు అడిగేది పులి ఎక్కడని. ఆ బుధవారం హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో నేను అడిగింది మూషిక జింక గురించి. బహదూర్‌పురా గేటు దగ్గర టికెట్ చూసే ఆయన, "అది జనానికి చూపియ్యరు సార్, లోపల వేరేగ ఉంటయ్" అన్నాడు. ఆ సంగతి తెలిసే వచ్చాను.

మన అడవుల్లో గిట్టలున్న జంతువుల్లో ఇంతకంటే చిన్నది లేదు. బరువు మూడు కిలోలు అటూ ఇటూ, ఎత్తు అడుగు కూడా ఉండదు. కొమ్ములుండవు, మగవాటికి కోరల్లాంటి పళ్లుంటాయి. పగలంతా పొదల్లో నక్కి, చీకటి పడ్డాక రాలిన పండ్ల కోసం బయటికొస్తుంది. వేటకుక్కలకూ ఉచ్చులకూ సులువుగా చిక్కుతుంది. అది తగ్గిపోతోందని గమనించి 2010లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ, సీసీఎంబీ పరిశోధన సంస్థ, అటవీ శాఖ కలిసి ఇక్కడ దాని సంతానోత్పత్తి కేంద్రం మొదలుపెట్టాయి. ఇక్కడ పుట్టి పెరిగినవాటిని 2017లో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. 1963లో తెరిచిన ఈ నెహ్రూ జూపార్కు చేసిన పనులన్నిటిలో నాకు అన్నిటికంటే గొప్పదిగా తోచేది ఇదే. మనిషి కళ్లకు ఎంత తక్కువ అలవాటైతే అంత మంచిది కాబట్టే వాటిని చూపించరు. నాకు చూపించనందుకు సంతోషించాను.

మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల్లో చెట్ల నీడన నడుస్తూ పులి దగ్గరికొచ్చాను. కందకానికి అవతల, గుబురు కింద, వీపు మాత్రమే కనిపించేలా పడుకుని ఉంది. ఇవతల కుర్రాళ్లు ఈలలు వేస్తున్నారు. ఒకడు నీళ్ల సీసా విసరబోతే యానిమల్ కీపర్ వచ్చి ఆపాడు. "పండుకోనియ్ తమ్మీ, నువ్వు పండుకుంటే ఎవలన్న కొడ్తరా?" అన్నాడు మెల్లగా.

ఆయనతో కాసేపు మాట్లాడాను. పొద్దున రాగానే మొదట చూసేది రాత్రి గదిలో మాంసం ఎంత మిగిలిందీ, పెంట ఎలా ఉందీ అనేనట. "ఇది నోరు తెరిచి చెప్పదు కద సార్. పెంట చూస్తే సగం రోగం తెలుస్తది." ఎండాకాలంలో నీటి తుంపర్లు, కూలర్లు, ఏనుగులకు పుచ్చకాయలు - వీటి ఫొటోలు పత్రికల్లో వస్తాయి. పెంట చూసి రోగం పట్టే చూపు ఏ ఫొటోలోనూ రాదు. నా మట్టుకు నాకు, జంతువు మనకు కనిపించకుండా దాక్కోవడానికి చోటున్న జూయే మంచి జూ. కనిపించలేదని విసుక్కునేవాళ్లకు ఈ మాట ఎవరో ఒకరు ఓపిగ్గా చెబుతూనే ఉండాలి.

రోగం పట్టే ఆ చూపు ఎంత అవసరమో 2021 వేసవిలో తేలింది. సింహాలు తిండి తగ్గించాయి, పొడిదగ్గు మొదలైంది, ముక్కులు కారాయి. మత్తు ఇచ్చి నమూనాలు తీసి, అత్తాపూర్‌లో సీసీఎంబీవారి లాకోన్స్ ప్రయోగశాలకు పంపారు. ఎనిమిది ఆసియా సింహాలకు కోవిడ్ అని తేలింది. దేశంలో జంతువులకు ఆ జబ్బు నిర్ధారణ కావడం అదే మొదలు. వాటిని విడిగా ఉంచి వైద్యం చేశారు, కోలుకున్నాయి. మనుషులకే పడకలు దొరకని ఆ రోజుల్లో సింహం దగ్గును పట్టించుకున్న మనుషులున్నారంటే నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది.

పులి దగ్గర్నుంచి నిశాచర జంతుశాలకు వెళ్లాను. అక్కడ పగటిని రాత్రి చేస్తారు. చూసేవాళ్లున్న వేళ మసక వెలుతురు, జనం వెళ్లాక దీపాలు. కళ్లు అలవాటు పడేదాకా నిలబడితే దేవాంగపిల్లి కొమ్మ వెంట కదలడం కనిపిస్తుంది. చాలామంది అంతసేపు నిలబడరు.

బయట అచ్చంపేట నుంచి వచ్చిన బడి పిల్లలు చెట్టు కింద టిఫిన్ డబ్బాలు విప్పుతున్నారు. అచ్చంపేటంటే అమ్రాబాద్ అడవికి వాకిలే. మూషిక జింకను మీలో ఎవరైనా చూశారా అని అడిగాను. ఒక పిల్లాడు, "మా తాత చూసిండంట. కూర చాలా మంచిగుండెనంట" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. వాళ్ల టీచరమ్మ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "మీ తాతప్పుడు మస్తుగ ఉండె నాయనా, ఇప్పుడు లేవు. ఈడ పెంచి మన అడివిలనే ఇడిసిండ్రు" అంది.

పిల్లాడు తినడం ఆపాడు. "ఈడ పుట్టినయ్ కద మేడమ్, ఆడ కుక్కలొస్తే ఉరకనీకె వస్తదా వాటికి?"

అసలు ప్రశ్న అదే. అందుకే ముందు అడవిలోనే కంచె వేసిన చోట కొన్నాళ్లు ఉంచి, అక్కడి ఆకూ పండూ అలవాటయ్యాక వదులుతారు. నేనది చెబితే శ్రద్ధగా విన్నాడు. "మరి ఉచ్చులు?" అన్నాడు.

దానికి జూ దగ్గర జవాబు లేదు. ఇక్కడ పుట్టిన పులి ఎలాగూ అడవికి వెళ్లదు, దాని బతుకు సుఖంగా గడిచేలా చూడటమే జూ బాధ్యత. జింకలు మాత్రం వెళ్లాయి, అవి వెళ్లింది ఈ పిల్లల ఊళ్ల పొలిమేరల్లోకి. నన్నడిగితే అమ్రాబాద్ అంచున ఉన్న ప్రతి బడినీ ఏటా ఒకసారి ఇక్కడికి తీసుకురావాలి. బస్సు ఖర్చు అటవీ శాఖే పెట్టుకోవాలి, తాతలకు కూడా నాలుగు సీట్లు ఉంచాలి.