బండి పుస్తకం

ఇంజన్ పట్టేసిన కారుకి దారులు మూడు. విప్పి, బోరు కొట్టించి, అదే ఇంజన్ని మళ్ళీ నిలబెట్టడం. దాన్ని దింపేసి ఇంకో ఇంజన్ ఎక్కించడం. లేదా తూకానికి అమ్మేయడం. మూడోదాని గురించి మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, పాత ఇనుము కొనేవాడు ఆ వారంలో రెండుసార్లు మా సందులోంచే వెళ్ళాడు.

బండి అంబాసిడర్, డీజిల్. 1489 సీసీ. నలభై గుర్రాల బలం కూడా ఉండదు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ బి-సిరీస్ ఇంజన్ల కుటుంబంలోది. ఈ కార్లు తయారైన ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014 మే నెలలో ఆగిపోయింది. మా నాన్న దీన్ని 1991లో సెకండ్ హ్యాండ్‌లో కొని, అమలాపురంలో పాతికేళ్ళు దగ్గరదగ్గరగా టాక్సీ తిప్పాడు.

కోనసీమలో టాక్సీ అంటే ఏమిటో బయటివాళ్ళకి కొంచెం చెప్పాలి. మాకు రైలు లేదు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా ఉన్న లైనుని రెండో ప్రపంచ యుద్ధకాలంలో పీకేసి, మళ్ళీ 2004లో వేశారు. అదీ గౌతమికి అవతలి ఒడ్డునే ఆగింది. యానాం–యెదుర్లంక వంతెన 2002లో వచ్చింది. అంతకుముందు కాకినాడ పెద్దాసుపత్రికి పోవాలంటే రావులపాలెం మీదుగా చుట్టు తిరగాలి, లేదంటే బండిని పంటు ఎక్కించి గోదావరి దాటాలి. పురిటి నొప్పులకీ, పాము కాటుకీ, పెళ్ళివారికీ, శవానికీ అదే బండి. నాన్న రిటైరయ్యాక అది కొత్తపేటలో అక్కా బావల దగ్గర ఉంటోంది. శనివారాలు నాన్నని వాడపల్లి గుడికి తీసుకెళ్ళడం ఇప్పుడు దాని ముఖ్యమైన ఉద్యోగం.

ఈ వేసవిలో అలా వెళ్ళొస్తూనే ఆగింది. రేడియేటర్ కింది గొట్టం ముసలిదై చీలింది. నీళ్ళు కారిపోయాయి, ఇంజన్ కాగింది, పట్టేసింది. మేస్త్రి గారు హెడ్డు దింపి చూసి నాకు ఫోన్ చేశారు.

"హెడ్డు పగిలిందండి. రెండు పిస్టన్లు గీసుకుపోయాయి. బ్లాకు పర్లేదు గానండి, బోరు ఇప్పటికే నలభైలో ఉంది. ఇంక కొట్టడానికి కండ లేదండి ఆయ్. స్లీవులు వెయ్యాల్సిందే."

ఆ 'నలభై' ఏమిటో చెప్తాను, ఎందుకంటే ఈ కథంతా ఆ అంకెలోనే ఉంది. పిస్టన్ లక్షలసార్లు పైకీ కిందకీ ఆడి ఆడి సిలిండర్ గోడ అరుగుతుంది. గుండ్రం పోయి కోలగా అవుతుంది. అప్పుడు ఆ గోడని మళ్ళీ గుండ్రంగా చెక్కి, కాస్త పెద్ద పిస్టన్ వేస్తారు. పది, ఇరవై, ముప్ఫై, నలభై. అంగుళంలో వెయ్యో వంతుని ఒకటిగా లెక్కేస్తే వచ్చే అంకెలవి. క్రాంక్ సంగతి దీనికి తిరగేసి. దాన్ని గ్రైండ్ చేసినకొద్దీ సన్నబడుతుంది, అంతకంత మందం బేరింగులు పడతాయి. అంటే ప్రతి రిపేరూ ఇంజన్‌లోంచి కొంత ఇనుముని తీసేస్తుంది. బాగుచెయ్యడమంటే మిగిలినదాన్ని ఖర్చుపెట్టడం. నలభై దాటాక గోడలో ఖర్చుపెట్టడానికి మిగలదు. అప్పుడు లోపల కొత్త గొట్టం బిగిస్తారు, అదే స్లీవు. దాంతో బోరు మళ్ళీ మొదటి సైజుకి వస్తుంది.

లెక్కలు ఇవి. స్లీవులు, పిస్టన్లు, రింగులు, క్రాంక్ గ్రైండింగ్, బేరింగులు, ఇంకో హెడ్డు, పంపు, నాజిళ్ళ పని, కూలీ అంతా కలిపి మాకు 85,000 దాకా. విజయవాడ ఆటోనగర్ నుంచి తిరుగుతున్న ఇంజన్ ఏదైనా తెచ్చి ఎక్కిస్తే 50,000 లోపు. అయితే ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది కాబట్టి, మార్చాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి. వేరే రకం ఇంజనైతే మౌంటింగులు, గేర్‌బాక్స్ జత కలపడం అదనం.

తమ్ముడు హైదరాబాద్ నుంచి ఒకటే మాట: "ఎయిర్‌బ్యాగుల్లేవు, ఏబీఎస్ లేదు, పొగ. పదిహేనేళ్ళు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజే 2022లో 5,000 చేశారు. ఈ డబ్బు కొత్త కారు డౌన్ పేమెంట్‌కి ఇద్దాం అన్నయ్యా." వాడి మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు.

మా ఉద్యోగాల్లో ఈ వాదన రోజూ ఉండేదే. పాత కోడ్‌ని సరిచేసుకుంటూ పోదామా, అవతల పారేసి కొత్తగా రాద్దామా? జోయెల్ స్పాల్స్కీ 2000లో రాసిన వ్యాసం మా వాళ్ళందరికీ తెలిసిందే. నెట్‌స్కేప్ వాళ్ళు తమ బ్రౌజర్‌ని మొదటినుంచీ తిరగరాయడానికి పూనుకోవడం ఎంత పెద్ద తప్పో చెప్తాడు. పాత కోడ్‌లో వికారంగా కనిపించే వరసల్లో చాలావరకు ఎప్పుడో ఎవరికో వచ్చిన కష్టానికి చేసిన మరమ్మతులే అంటాడు. షెడ్డులో ఉన్న పాత కారులా కోడ్ తుప్పు పట్టదని కూడా అంటాడు. సరిగ్గా అక్కడే ఆ వ్యాసం నాకు పనికిరాకుండా పోయింది. నా చేతిలో ఉన్నది కారే. అదీ సముద్రపు గాలి తగిలే కోనసీమలో.

పనికొచ్చింది ఇంకో పాత వ్యాసం. డేనిష్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో రాసిన 'ప్రోగ్రామింగ్ యాజ్ థియరీ బిల్డింగ్'. ప్రోగ్రాం అంటే కాగితం మీద ఉన్న వరసలు కాదు, దాన్ని కట్టినవాళ్ళ బుర్రలో ఉన్న అవగాహన అని ఆయన వాదన. ఆ మనుషులు చెదిరిపోతే, ప్రోగ్రాం నడుస్తూనే ఉన్నా చచ్చిపోయినట్టే. దాన్ని ఎందుకలా కట్టారో తెలిసినవాడు లేడు గనక, తెలివిగా మార్చగలిగేవాడూ ఉండడు.

మరి ఈ ఇంజన్ తాలూకు అవగాహన ఎక్కడుంది? కొంత మేస్త్రి గారి చేతుల్లో. కొంత నాన్న రాసిన పుస్తకంలో.

నాన్నకి బండి పుస్తకం ఒకటుంది. అట్టకి గోనెగుడ్డ కుట్టిన లాంగ్ నోట్‌బుక్. సరదాకి పుస్తక సమీక్షలు రాసే నేను, ఇన్నేళ్ళలో ఇంత పొదుపైన వచనం చదవలేదు. విశేషణాలుండవు. "1994. పెట్రోల్ తీసి డీజిల్. ఆర్‌సీ ఎక్కింది." అంటే ఇప్పుడు మేం కాపాడాలా వద్దా అని కొట్టుకుంటున్న ఈ ఇంజన్ ఆ బండితో పుట్టింది కాదు, అదీ వలస వచ్చిందే. "1999. బోరు 20." "2008. బోరు 40. క్రాంక్ 20."

1996 నవంబరు 6 రాత్రి కోనసీమని తుఫాను తుడిచిపెట్టింది. మా వైపు వయసులెక్కలు ఇప్పటికీ తుఫానుకి ముందు, తుఫాను తర్వాత అనే చెప్తారు. ఆ తేదీ దగ్గర పుస్తకంలో ఏమీ లేదు. తర్వాతి పద్దు ఇది: "చెట్టు పడి టాపు నొక్కుకుంది. ఇంజన్ బాగుంది. 9 ట్రిప్పులు. డబ్బు తీసుకోలేదు." ఎవర్ని ఎక్కించాడో, ఎక్కడికి తీసుకెళ్ళాడో రాయలేదు. నేను అడిగాను. "రాయలేదు కదరా," అన్నాడు.

మా డెల్టా అంతా ఈ ప్రశ్న మీదే బతికింది. కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాన్ని నూరేళ్ళకి పైగా మరమ్మతు చేసుకుంటూ వాడుకున్నారు. ఇంక లాభం లేదనుకున్నాక కొత్త బ్యారేజీ కట్టారు, 1982 నాటికి పూర్తయింది. గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా లంకకి కాలవ నీళ్ళని దాటించే పాత అక్విడక్టూ 1850ల నాటిదే. దాని పక్కనే 2000లో కొత్తది వచ్చింది, డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆనకట్ట మారినా, అక్విడక్టు మారినా కాలవలు అవే. చేలకి నీళ్ళు ఎప్పుడు వదలాలో, ఏ లాకు దగ్గర ఎంత ఆపాలో తెలిసిన మనుషులు ఎప్పుడూ ఉన్నారు. వాళ్ళు ఉన్నారు కాబట్టే రాయి మార్చినా పర్వాలేకపోయింది. బాగుచెయ్యాలా, మార్చాలా అన్నది రెండో ప్రశ్న. దాన్ని ఎరిగినవాళ్ళు మిగిలారా అన్నది మొదటిది.

నాన్న ఇదే విషయాన్ని నౌర్ కంటే తక్కువ మాటల్లో చెప్పాడు.

"ఏ ఇంజనైనా ఇంజనేరా. కొత్తదేసినా నాకేం బాధ లేదు. దారిలో ఆగిపోతే చెయ్యి పెట్టేవాడున్నాడా లేడా, అది చూసుకోండి."

"మేస్త్రి గారికి డెబ్భై దగ్గరపడ్డాయి కదా నాన్నా. ఆయన కొడుకులిద్దరూ కువైట్‌లో ఉన్నారు."

నాన్న మాట్లాడలేదు. ఆ మౌనంలో బండి లేదు. తన కంటే అయిదేళ్ళే చిన్నవాడైన స్నేహితుడి వయసు ఉంది.

మర్నాడు నేను షెడ్డుకెళ్ళి మేస్త్రి గారికి బేరం పెట్టాను. ఆయన దగ్గర ఇరవయ్యేళ్ళ కుర్రాడు పనిచేస్తాడు. స్కానర్ పెట్టి కొత్త కార్ల జబ్బులు చెప్పగలడు గానీ ఇలాంటి ఇంజన్ని ఎప్పుడూ పూర్తిగా విప్పలేదు. పని మొత్తం ఆ కుర్రాడే చెయ్యాలి, మేస్త్రి గారు స్టూలు మీద కూర్చుని చెప్పాలి. ఆలస్యమైనా సరే, ఆ రోజుల కూలీ కూడా మేమే ఇస్తాం.

మేస్త్రి గారు చాలాసేపు చెయ్యి తుడుచుకున్నారు. "పాడుచేస్తే?"

"మీరుంటారు కదండీ."

"ఆయ్," అన్నారు.

తమ్ముడికి చెప్పాను. ఈ 85,000 కారు మీద పెట్టుబడి కాదు, ఆ లెక్కన చూస్తే నువ్వే కరెక్టు అన్నాను. వాడు కాసేపాగి, సగం పంపిస్తానన్నాడు. హైవే ఎక్కించొద్దని షరతు పెట్టాడు. న్యాయమైన షరతే, ఒప్పుకున్నాం.

బ్లాకు రాజమండ్రి బోరింగ్ షాపుకి వెళ్ళింది. నాన్నకి శుక్లాల వల్ల అక్షరాలు ఆనడం లేదు. అందుకని పుస్తకం ఇప్పుడు షెడ్డులో, కుర్రాడి దగ్గర ఉంది. మొన్న వాడు వాట్సాప్‌లో ఫొటో పంపాడు. నాన్న గుండ్రటి రాత ఆగిన చోట, కింద గీత గీసి, వంకర అక్షరాలతో వాడే రాశాడు: "స్లీవులు 4. బోరు స్టాండర్డ్."